పెయ్యకు దక్కని ముర్రుపాలు

జున్ను అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఎవరో ప్రేమగా చిన్న గిన్నెలో పెట్టి, పైన మూత కూడా పెట్టి తెస్తారు. "అమ్మమ్మగారూ, ఊరి నుంచి వచ్చింది, అసలైన జున్ను" అంటారు. నేను మొహం తిప్పుకుంటాను. మా మనవరాళ్ళకు ఇదో తమాషా. అమ్మమ్మకు జున్నుతో పాత కక్ష ఉందని ఇంటికి వచ్చినవాళ్ళకు చెప్పి మరీ నవ్వుతారు. కక్షే. నవ్వుకోండి.

మీకు జున్ను అంటే బెల్లం, మిరియాలు, యాలకుల వాసన. నాకు మాత్రం మెట్టుగూడలో మా అత్తగారింటి పెరట్లోని రేకుల పాక. అందులో గుంజకు కట్టేసిన పెయ్యదూడ. దానికి రెండు గజాల దూరంలో, పొదుగు పగిలిపోయేంత పాలతో నిలబడి అరుస్తున్న తల్లి. ఆ రెండింటికీ మధ్య ఇత్తడి చెంబు పట్టుకుని గొంతుక్కూర్చున్న మా అత్తగారు.

గేదె ఈనిన మొదటి రెండు మూడు రోజులు ఇచ్చేవి మామూలు పాలు కావు. పచ్చగా, చిక్కగా, వేలికి అంటుకునేలా ఉంటాయి. వాటిని ముర్రుపాలు అంటారు. పొయ్యి మీద పెడితే గడ్డకట్టి జున్నవుతాయి. అవి అసలు ఎవరికోసం వస్తాయో మా నాన్న నాకు ఎనిమిదేళ్ళప్పుడే చెప్పాడు.

మా నాన్న కృష్ణా జిల్లాలో, అంటే అప్పటి మద్రాసు రాష్ట్రంలో, ఒక తాలూకా ఊళ్ళో పశువుల ఆసుపత్రి కాంపౌండరు. డాక్టరు నెలకు రెండుసార్లు వస్తే గొప్ప, మిగతా రోజులన్నీ నాన్నే డాక్టరు. గొంతువాపుకు సూదులు వేసేవాడు, గాళ్ళు, అదే గాలికుంటు, వచ్చిన ఎడ్లకు గిట్టలు కడిగేవాడు, పురుగులు పడ్డ పుండ్లు శుభ్రం చేసేవాడు. ఇంటికొచ్చి చేతులు కడుక్కుంటూ నాతో మాట్లాడేవాడు. ఇంట్లో మగపిల్లలు లేకపోవడం వల్ల ఆ సంగతులన్నీ నాకే దక్కాయి.

"దూడ ఒట్టి చేతులతో పుడుతుందమ్మా" అనేవాడు. "తల్లి కడుపులో ఉన్నన్నాళ్ళూ దానికి తిండి అందుతుంది గానీ, జబ్బుల్ని తట్టుకునే బలం అందదు. ఆ బలమంతా తల్లి పొదుగులో దాచి పెట్టుకుంటుంది. తల్లి ఆ పాకలో ఎన్నేళ్ళుంటే ఆ పాకలో ఉన్న జబ్బులన్నిటితోనూ అన్నేళ్ళు పోరాడినట్టే. దాని రక్తానికి అవన్నీ తెలుసు. ముర్రుపాలలో పెట్టి ఆ తెలివి బిడ్డకు ఇస్తుంది. కానీ దూడ పేగులు ఆ బలాన్ని ఉన్నదున్నట్టు లోపలికి తీసుకునేది పుట్టిన పూటే. మర్నాటికి ఆ తలుపు మూసుకుపోతుంది. ఆ తర్వాత కడివెడు పట్టినా ఒట్టి పాలే."

ఇది నాకు ప్రార్థన వచ్చినట్టు వచ్చు. అలాంటి నన్ను తీసుకొచ్చి పక్క సంస్థానంలోని మెట్టుగూడలో ఇచ్చారు.

నా భర్త రైల్వే వర్కుషాపులో ఫిట్టరు. మామగారు లేరు. అత్తగారికి కొడుకు ఒక్కడే, గేదె ఒక్కటే. ఆ గేదెను అక్కడ బర్రె అంటారు, దూడను దుడ్డె అంటారు. నేను గేదె అన్నప్పుడల్లా ఆవిడ నవ్వేది. నన్ను "ఆంధ్రా పిల్ల" అనేది, వినేవాళ్ళుంటే ఇంకాస్త గట్టిగా అనేది. చెడ్డమనిషి మాత్రం కాదు. తెల్లారి లేచి పాక ఊడ్చి, కుడితి పెట్టి, పాలు పిండి, నాలుగు రైల్వే ఇళ్ళకు పోసి వచ్చి, ఆదివారమైతే తెల్లచీర కట్టుకుని గుడికి, అదే మా చర్చికి, అందరికంటే ముందు వెళ్ళి కూర్చునేది. మాట పడేది కాదు. నేనూ పడేదాన్ని కాదు. అదే మా ఇద్దరికీ వచ్చిన చిక్కు.

ఆవిడకు నా భర్తకంటే ముందు ముగ్గురు పుట్టి పోయారు. ఒక్కొక్కరు పది పన్నెండు రోజులే బతికారట. ఈస్టరు ముందు మావాళ్ళందరూ సమాధులకు సున్నం వేస్తారు. మామగారి సమాధి పక్కన జానెడు జానెడు ఎత్తున మూడు చిన్న గట్లు ఉండేవి. వాటికి మాత్రం ఆవిడే స్వయంగా సున్నం వేసేది, ఇంకొకరిని కుంచె ముట్టుకోనిచ్చేది కాదు. ఎందుకు పోయారని నేనొకసారి అడిగితే, "దేవుడిచ్చిండు, దేవుడు తీస్కపోయిండు" అని ఊరుకుంది.

ఆ గేదెకు కూడా దూడలు దక్కేవి కావు. నేను రాకముందు రెండు పోయాయి. నేను కాపురానికి వచ్చిన ఏడాదికి ఇంకొకటి పుట్టి వారం తిరక్కుండానే విరేచనాలు పట్టి, పారుకుని పోయింది. దిష్టి అన్నారు వీధిలో వాళ్ళు. అత్తగారు పాస్టరుగారిని పిలిచి పాకలో ప్రార్థన చేయించింది, ఆయన వెళ్ళగానే ఎందుకైనా మంచిదని గేదె మెడకు నల్లతాడు కూడా కట్టింది. నాకు మాత్రం దిష్టి ఎక్కడుందో కళ్ళ ముందే కనబడుతోంది.

ఆ ఇంటి పద్ధతి చెబుతాను వినండి. గేదె ఈనగానే దూడను తుడిచి దూరంగా కట్టేస్తారు. మాయ, అంటే దూడ వెనక వచ్చే సంచి, పడేదాకా పొదుగు దగ్గరికి రానివ్వరు. మాయ పడకముందు దూడ మూతి తగిలితే మాయ లోపలే నిలిచిపోతుందని భయం. అది పడటానికి ఒక్కోసారి ఆరు గంటలు, ఒక్కోసారి పది గంటలు. అందాకా దూడ ఆకలికి గుంజను నాకుతూ ఉంటుంది. ఈలోపు పొదుగు సలపరిస్తుందని పాలు మాత్రం పిండేస్తారు. అవి జున్నుకు. మాయ పడ్డాక కూడా దూడకు ముందుగా దక్కేదేం లేదు, అడుగున మిగిలిన నాలుగు గుక్కలే. ముర్రుపాలు ఎక్కువ తాగితే పారుడు పడుతుందట, కడుపులో పురుగులు పడతాయట. ఏది మందో దాన్నే జబ్బన్నారు. తాగకపోవడం వల్ల పారుకుని చస్తే, తాగిన ఆ నాలుగు గుక్కల మీదికే నేరం తోసేవాళ్ళు.

ఇక జున్ను పంచడం మా అత్తగారికి ఒక పండగ. మొదటి గిన్నె పక్కింటి ఖాలాకు. ఆమె మేకలు పెంచుకునే సాయిబుల ఇంటి ముసలావిడ. తెలుగే మాట్లాడేది, గేదె ఈనినప్పుడల్లా సాయానికి వచ్చేది. తర్వాత పాస్టరుగారికి, ఫోర్‌మన్ ఇంటికి, ఇంటాయనకు, ఆ తర్వాత వీధిలో వరసగా. ఇంటాయన అంటే మేమున్న ఇంటి యజమాని, సర్కారు కచేరీలో పెద్ద ఉద్యోగి. ఎవరింట్లోంచీ గిన్నె ఖాళీగా తిరిగొచ్చేది కాదు, గుప్పెడు బియ్యమో చిటికెడు చక్కెరో వేసి పంపేవాళ్ళు. వీధి వీధంతా ఆవిడ జున్ను చేతిని పొగిడేది. దూడ చచ్చాక ఆ వీధే వచ్చి అయ్యో అనేది.

మూడో దూడ అప్పుడు నేను కొత్త కోడలిని. మెల్లగా ఒక మాటన్నాను, అందరూ నవ్వారు, నోరు మూసుకున్నాను. నాలుగోసారి మూసుకోకూడదనుకున్నాను. నలభై ఎనిమిదిలో గేదె మళ్ళీ చూడితో ఉంది, నేనూ కడుపుతో ఉన్నాను. కొత్త పిల్ల మాట వినరు గానీ సర్కారు కొలువు చేసే వియ్యంకుడి మాట వింటుందేమో అని నాన్నకు ఉత్తరం రాశాను. అంతా వివరంగా అత్తగారి పేర రాయమన్నాను. రాశానే గానీ జవాబు లేదు.

జవాబు ఎలా వస్తుంది? అప్పటికే మా సంస్థానం చుట్టూ ఇండియా సర్కారు సరిహద్దులు బిగించింది. బయటి నుంచి ఉప్పు రాదు, మందులు రావు, పెట్రోలు రాదు. బెజవాడ నుంచి రైలు బండ్లు రావడం లేదు. ఏడో నెలలో పుట్టింటికి వెళ్ళాల్సినదాన్ని, మెట్టుగూడలోనే చిక్కుపడ్డాను. ఎవరికి ఏ రాజ్యం కావాలో వాళ్ళు కొట్టుకున్నారు సరే, ఒక కాంపౌండరు తన వియ్యపురాలికి రాసిన ఉత్తరం ఎవరికి అడ్డమొచ్చింది? ఇప్పటికీ నాకు అర్థం కాదు.

సెప్టెంబరులో పోలీసు చర్య షురూ అయింది, ఇండియా మిలటరీ సంస్థానంలోకి దిగింది. విమానాల చప్పుడు, రోజుకో పుకారు. నా భర్త పని మానేసి ఇంట్లోనే ఉన్నాడు. వీధిలో తలుపులన్నీ మూసి ఉన్నాయి. మూడో రోజు పొద్దున పది గంటల వేళ గేదె ఈనింది. పక్కింటి ఖాలా వెనక గోడ దాటి వచ్చి చెయ్యి వేసింది. పెయ్య పుట్టింది. నల్లగా నిగనిగలాడుతూ, నుదుటి మీద చిన్న తెల్ల చుక్కతో ఉంది. పుట్టిన పావుగంటకే నిలబడటానికి చూసింది. నిలబడి తల్లి వైపే పోయింది. అత్తగారు దాని మెడకు తాడు వేసి గుంజకు కట్టింది.

"అత్తయ్యా, దాన్ని ముందు తాగనివ్వండి. కడుపునిండా తాగాక మీరెంతైనా పిండుకోండి" అన్నాను.

"మాయ పడలే. నీకు కనబడ్తలేదా?"

"మాయకూ దానికీ ఏం సంబంధం లేదు. దూడ చీకితేనే మాయ త్వరగా పడుతుందని మా నాన్న..."

"మీ నాయన, మీ నాయన! ముప్పై ఏండ్ల సంది బర్రెల్ని సాదుతున్న. నాకు నువ్వు నేర్పుతవా?"

ఖాలా చేతులు కడుక్కుంటూ నా పక్షాన ఒక మాట వేసింది. "పిల్ల చెప్పేది సుత జెర విను వదినా. మా మేకపిల్లలైతే పడంగనే మూతి పెట్టిస్తం. ఏం కాదు."

"మేకలు వేరు, బర్రెలు వేరు" అంది అత్తగారు. చెంబు తీసుకుని పొదుగు కింద కూర్చుంది.

మధ్యాహ్నానికి రెండు గిన్నెలు నిండాయి. మాయ ఇంకా పడలేదు. పెయ్య అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. రెండిళ్ళ అవతల ఎవరింట్లోనో రేడియో ఉంది. వార్తల వేళకు అత్తగారు, ఆవిడ వెనకే నా భర్త, గోడ పక్కగా అక్కడికి వెళ్ళారు. నేను లోటా తీసుకుని పాకలోకి పోయాను. ఏడు నెలల కడుపుతో వంగడం ఎంత కష్టమో వంగినవాళ్ళకే తెలుసు. గేదె నన్ను తన్నలేదు. లోటా సగం దాకా పిండి, పెయ్య దగ్గర కూలబడి, పాలల్లో వేళ్ళు ముంచి దాని నోట్లో పెట్టాను. ఎంత గట్టిగా చీకిందో! గరుకు నాలుకతో నా వేళ్ళు లాగేస్తోంది. రెండు మూడు గుక్కలు దిగాయేమో, వెనక నుంచి చెయ్యి వచ్చి లోటా లాక్కుంది.

ఆ చెయ్యి అత్తగారిది. లోటాలో పాలు గిన్నెలో పోసేసింది. గిన్నె మీద మూత పెట్టింది. నా భర్త పాక గుమ్మంలో నిలబడి అంతా చూస్తున్నాడు.

"మీరైనా చెప్పండి" అన్నాను.

"ఎందుకు లొల్లి? అసలే బయట పరేషాన్ ఉన్నది. అమ్మకు ఎర్కనే గదా" అన్నాడు.

ఇనుమును వంచగల మనిషి, వాళ్ళమ్మ ముందు నోరు పెగలదు. ఆ రోజు ఆ మనిషి మీద వచ్చిన కోపం తర్వాత నలభై ఏళ్ళు కాపురం చేసినా పూర్తిగా పోలేదు. మాయ పడేసరికి దీపాలు పెట్టే వేళయింది. అప్పుడు పెయ్యను విడిచారు. పొదుగులో ఏముందని? నాలుగు చుక్కలు చీకి, తల్లి కాళ్ళ మధ్య పడుకుంది.

మర్నాడు, మూడో నాడు జున్ను వండారు. ఎవరికి ఏ గిన్నె అన్న దగ్గర మా అత్తగారి తెలివి చూడాలి. మొదటి రోజు రేడియోలో సర్కారే గెలుస్తుందని విని, ఇంటాయనకు పెద్ద గిన్నె తీసి పెట్టింది. సర్కారు మనిషి, రేపు ఇల్లు ఖాళీ చేయమంటే ఎక్కడికి పోతామంది. మూడో రోజుకు రేడియో మాట మారింది. సంస్థానం సర్కారు చేతులెత్తేసిందట, పట్టణంలోకి ఇండియా మిలటరీ వస్తోందట. అంతే, ఇంటాయన గిన్నెలోంచి సగం తీసి, వచ్చేవాళ్ళ పక్షమని పేరున్న ఫోర్‌మన్ గిన్నెలో వేసింది. "రేపు ఎవరి రాజ్యమో ఎవరికి ఎర్క? ఇద్దరికీ పంపుదాం" అంది. రాజ్యాలు మారుతుంటే ముర్రుపాలతో రెండు పక్కలా మంచి చేసుకోవచ్చనుకుంది ఆ తల్లి.

ఖాలాకు గిన్నె తీయనే లేదు. ఎప్పుడూ మొదటి గిన్నె ఆమెది. ఈ దూడను బయటికి లాగింది ఆమె చేతులు. "మరి ఖాలాకో?" అని అడిగాను. అత్తగారు నా వైపు చూడలేదు. "ఇప్పుడు ఆళ్ళింటికి పంపితే సూసెటోళ్ళు ఏమనుకుంటరు? జెర సల్లబడనీ" అంది. గోడ అవతల ఖాలా దగ్గు నాకు వినిపిస్తోంది. మా మాటలు ఆమెకూ వినపడే ఉంటాయి. ఆ మధ్యాహ్నమే ఆమె మేకల్ని తోలుకుని కార్ఖానా బస్తీలో ఉన్న తమ్ముడింటికి వెళ్ళిపోయింది. వెళ్తూ మా గుమ్మం వైపు చూడలేదు. తప్పేముంది?

ఇప్పుడు చెప్పండి. ఆ గేదె తొమ్మిదేళ్ళుగా ఆ పాకలో ఉంది. ఆ బురద, ఆ పేడ, ఆ రక్తం పీల్చే గోమార్లు, ఈగలు అన్నీ ఓర్చుకుంది. ఒక ఏడు వానాకాలంలో గొంతువాపు వచ్చి వీధిలో సగం పశువులు పోతే, ఇది నాలుగు రోజులు గురక పెట్టి లేచి నిలబడింది. ఆ పాకలో ఉన్న ఏ జబ్బు క్రిమి ఎలా ఉంటుందో దాని ఒంటికి తెలుసు. ఆ తెలిసిందంతా పోగుచేసి, పది నెలలు మోసిన బిడ్డకోసం పొదుగులోకి దించుకుంది. దాన్ని మనం పొయ్యి మీద పెట్టి, బెల్లం కలిపి, ఉడికించి చంపి, ఫోర్‌మన్ గారికి పంపాం. ఆయన కడుపులో అది ఏం చేస్తుంది? ఆయన పేగులకు మా పాకలో జబ్బులతో పనేముంది? రుచిగా ఉందని కబురు మాత్రం పంపాడు.

మూడో నాటి సాయంత్రం పెయ్యకు పారుడు పట్టింది. తెల్లగా, సున్నపు నీళ్ళలాగా. నాన్న చెప్పిన తెల్లపారుడు అదే. గంజిలో ఉప్పు వేసి పట్టిద్దామంటే ఇంట్లో ఉప్పు రాయి లేదు. నాలుగిళ్ళు తిరిగి చిటికెడు తెచ్చాను. నా భర్తను పోరి పోరి పశువుల దవాఖానకు పంపాను. అక్కడున్నాయన ఖాళీ బీరువా తలుపులు తీసి చూపించాడట. నెలల సంది మందు రాలేదు, సీరం రాలేదు, నన్నేం జేయమంటవ్ అన్నాడట. ఆయన తప్పు కాదు. కానీ నాకు మండింది. దానికి కావలసిన సీరం మూడు రోజుల కింద మా పెరట్లోనే రెండు గిన్నెల నిండా ఉంది కదా!

ఆ తర్వాత ఒకరోజు వీధి వీధంతా తిరుమలగిరి రోడ్డు వైపు పరిగెత్తింది, మిలటరీ బండ్లను చూడటానికి. జేజేలు కొడుతున్న కేకలు మా పెరట్లోకి వినబడుతున్నాయి. నా భర్త కూడా వెళ్ళాడు. నేను పెయ్య తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. కళ్ళు లోపలికి పోయాయి. చెవులు చల్లబడ్డాయి. నోట్లో వేలు పెడితే చీకడం లేదు. పొద్దు వాలకముందే పోయింది. తల్లి ఇంకా నాకుతూనే ఉంది.

"కాలమే మంచిగ లేదు. గా ఇమానాల సప్పుడుకు జడుసుకున్నది" అంది అత్తగారు.

"విమానాలు కాదు. మీరే" అన్నాను.

ఆవిడ నన్ను కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. మర్నాడు మనిషిని పిలిచి పెయ్య తోలు ఒలిపించి, ఆరబెట్టి, లోపల గడ్డి కుక్కించి కుట్టించింది. దూడ కనబడకపోతే గేదె పాలు చేపదు, కిందికి వదలదు కదా, అందుకు. రోజూ పొద్దున, సాయంత్రం ఆ గడ్డిబొమ్మను తెచ్చి ముందు నిలబెట్టేది. గేదె దాని నుదుటి మీద తెల్ల చుక్కను నాకుతూ పాలు విడిచేది. నేను పాకలోకి వెళ్ళడం మానేశాను. అత్తగారితో మాట్లాడటమూ మానేశాను.

అక్టోబరు నెలాఖరుకు నాన్న ఉత్తరం వచ్చింది. ఎక్కడెక్కడ తిరిగిందో, కవరు నిండా ముద్రలు. నాకు నెలలు నిండాయి, బండ్లు నడుస్తున్నా ప్రయాణం చేసే స్థితి కాదు. అత్తగారికి చదువు రాదు. నా భర్త పనిలో ఉన్నాడు. ఆవిడ వచ్చి ఎదురుగా పీట వేసుకుని, "సదువు, మీ నాయన ఏం రాసిండు" అంది. నెల తర్వాత నాతో అన్న మొదటి మాట అది.

"ప్రభువు పేర వదినగారికి వందనములు" అని మొదలు. నాన్న ఎంతో మర్యాదగా రాశాడు. దూడ ఒట్టి చేతులతో పుట్టడం, మొదటి పూట, మూసుకుపోయే తలుపు, మాయ గురించిన భయం అక్కర్లేదనడం, అన్నీ ఉన్నాయి. నేను ఒక్కో మాటా ఒత్తి ఒత్తి చదివాను. ఆవిడ తల దించుకుని వింది. మధ్యలో ఒకసారి, "ఈ కాయితం జెర ముందుగాల అస్తే ఏమైపోతుండె" అని గొణిగింది. నేను జాలిపడలేదు. నోటితో చెప్పినప్పుడు విన్నావా అనుకున్నాను.

ఉత్తరం చివర నాన్న నా కాన్పు గురించి రాశాడు. "రేపు అమ్మాయికి బిడ్డ పుట్టినప్పుడు కూడా మొదటి పాలు పిండి పారబోయించకండి, అవే పట్టించండి" అన్నాడు. అది చదివాను. దాని కింద ఇంకో వాక్యం ఉంది: "మనిషి బిడ్డకు కడుపులో ఉండగానే తల్లి రక్తం నుంచి కొంత బలం చేరుతుంది కనుక దూడంత అపాయం లేదు, పాత పద్ధతిలో పెరిగిన బిడ్డలు లక్షల మంది బతికే ఉన్నారు, మనసు కష్టపెట్టుకోవద్దు." ఆ వాక్యం నా కళ్ళు చదివాయి, నోరు చదవలేదు. అది వింటే "సూసినవా, మీ నాయనే అన్నడు" అని ఆవిడ ఆ పాలకు బదులు చక్కెర నీళ్ళ గిన్నె పట్టుకొస్తుందని నాకు తెలుసు. ఉత్తరం మడిచి జాకెట్లో పెట్టుకున్నాను.

నవంబరు మొదట్లో ఇంట్లోనే కాన్పు అయింది. ఆడపిల్ల. మంత్రసాని తుడిచి పక్కన పెట్టగానే అత్తగారు గిన్నె తెచ్చింది. చక్కెర నీళ్ళు, దూది వత్తి, పక్కన ఆముదం. అక్కడ మూడు రోజుల దాకా బిడ్డకు తల్లి పాలు ఇవ్వరు. ముర్రుపాలు చెడ్డవని పిండి పారబోయిస్తారు. నేను బిడ్డను రొమ్ముకు కరిపించుకుని ఆవిడ వైపు చూశాను. అంత కోపంగా నేను ఎవరినీ చూడలేదు. గిన్నె ముందుకు వస్తే విసిరికొట్టేదాన్ని.

గిన్నె ముందుకు రాలేదు. ఆవిడ అలాగే నిలబడి బిడ్డ చీకడం చూసింది. గిన్నె కింద పెట్టి, నా మంచం పక్కన నేల మీద కూర్చుంది.

"గట్లయితే పిల్లా" అంది, "నా ముగ్గురు సుత గందుకేనా పోయింది?"

ఆ గొంతు నేను అంతకుముందు విననిది. నాన్న ఉత్తరం నా తలగడ కిందే ఉంది. తీసి ఆ ఒక్క వాక్యం చదివితే సరిపోయేది. కానీ నాకు ఆ క్షణంలో గుంజకు కట్టేసిన పెయ్య, లాక్కున్న లోటా, గోడ అవతల దగ్గిన ఖాలా, గడ్డి కుక్కిన తోలు, అన్నీ ఒక్కసారే గుర్తుకొచ్చాయి.

"అవును" అన్నాను.

ఆవిడ లేచి చక్కెర నీళ్ళు తీసుకెళ్ళి పెరట్లో పారబోసింది. మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. ఆ తర్వాతి ఈతకు గేదె ఈనగానే, మాయ పడిందా లేదా అని కూడా చూడకుండా, తనే దూడ తాడు విప్పి మూతి పొదుగుకు ఆనించింది. ఎవరింటికీ జున్ను పంపలేదు. ఖాలా అప్పటికి తిరిగొచ్చేసింది, ఆ ఇంటికి మాత్రం మామూలు పాలు చెంబుడు తనే తీసుకెళ్ళి ఇచ్చి వచ్చింది. దూడ బతికింది. ఆ తర్వాత పుట్టినవీ బతికాయి. నేను గెలిచాను. నా కూతురూ బతికింది, జున్ను గురించి నవ్వే ఈ మనవరాళ్ళు దాని పిల్లలే.

నా కాన్పు తర్వాత వచ్చిన ఈస్టరుకు సమాధుల దగ్గరికి వెళ్ళాం. ఆ ఏడు కుంచె ముంచి నాకూ ఒకటి ఇచ్చింది, మామగారి దానికి వేయమని. తను చిన్న గట్ల దగ్గర కూర్చుంది. ఎప్పటిలా ప్రార్థన చేయలేదు. ఒక్కొక్క దానికీ సున్నం వేస్తూ, దాన్ని అరచేత్తో నిమురుతూ, "నేనే జేసిన బిడ్డా, నాకు ఎర్కలేక నేనే జేసిన" అంటోంది. మూడింటికీ అదే మాట. తర్వాత పదిహేడేళ్ళు, ఆవిడ నడవగలిగినన్నాళ్ళు, ప్రతి ఈస్టరుకూ అదే మాట.

నేను సున్నం బకెట్ పట్టుకుని పక్కనే ఉండేదాన్ని. నాన్న రాసిన ఆ వాక్యం నాకు కంఠతా వచ్చు. ఒక్కసారి కూడా చెప్పలేదు.